మూడేళ్లు + ఆరు నెలలు = మొత్తం ఎన్ని? తీర్పు కాపీ చదవడం తెలిసినవాళ్లు చెప్పండి

పటమట_పవన్ | శనివారం రాత్రి 9:40

మా పెదనాన్న కొడుకుది తెనాలి దగ్గర పల్లె. 2019లో గట్టు తగాదా. పక్క పొలం ఆయనతో మాటా మాటా పెరిగి అన్నయ్య కర్ర తీశాడు, ఆయన చెయ్యి విరిగింది. పోలీసులు 307 పెట్టారు, హత్యాయత్నం అని. ఆరేళ్లు వాయిదాలకు తిరిగాడు. మొన్న తీర్పు వచ్చింది. 307 నిలబడలేదు, 325 (తీవ్రంగా గాయపరచడం), 323 (మామూలుగా గాయపరచడం) సెక్షన్ల కింద దోషి అన్నారు.

కాపీ ఇంగ్లీషులో ఉంది. నాకు అర్థమైనంత రాస్తున్నా. 325 కింద మూడేళ్లు కఠిన కారాగారం, 5,000 జరిమానా, అది కట్టకపోతే మూడు నెలలు సాధారణ జైలు. 323 కింద ఆరు నెలలు. రెండూ 'కంకరెంట్' అట. చివర్లో సెట్ ఆఫ్ 14 రోజులు అని ఉంది.

ఇంట్లో తలా ఒక లెక్క. బాబాయి మూడున్నరేళ్లు అంటాడు. ఊళ్లో ఒక పెద్దాయన "జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు. ఏడాదిన్నరకి వచ్చేస్తాడు" అన్నాడట, మా పెద్దమ్మ ఆ మాటే పట్టుకుని కూర్చుంది. ప్లీడరు గారు ఫోన్ ఎత్తడం లేదు. ఏది నిజం?

కృష్ణలంక_కుర్రాడు | 9:52

లా మూడో ఏడు చదువుతున్నా. కంకరెంట్ అంటే ఏకకాలంలో. ఆరు నెలలు మూడేళ్లలో కలిసిపోతాయి, మొత్తం మూడేళ్లే. పగలు రాత్రి లెక్క ఒట్టి పుకారు. క్యాలెండర్‌లో ఒక తేదీ మారితేనే ఒక రోజు.

ఆటోనగర్_లారీ | 9:58

పుకారంటావేంటి తమ్ముడూ, మా క్లీనర్ వాళ్ల మామ నిజంగానే తొందరగా బయటికొచ్చాడు.

పాత_వార్డరు | 10:20

వచ్చి ఉంటాడు, రాత్రిళ్లు లెక్కేసినందుకు కాదు, రెమిషన్ వల్ల. ముప్పై ఏళ్లు జైళ్లలో పనిచేశాను, ఈ పగలూ రాత్రి లెక్క అడగని ములాఖత్ లేదు. శిక్ష పడిన ఖైదీ చెప్పిన పని చేస్తూ గొడవల్లేకుండా ఉంటే రూల్సు ప్రకారం నెలకి కొన్ని రోజులు తగ్గుతాయి. హిస్టరీ టికెట్‌లో, అంటే ఖైదీ రికార్డులో, అవన్నీ రాస్తాం. ఇంటికి ముందుగా రాగానే ఊళ్లో జనం దానికో కథ అల్లేస్తారు.

ఇంకోటి. రెమిషన్ శిక్ష పడ్డాకే మొదలవుతుంది, రిమాండు ఖైదీకి ఉండదు.

బెంచి_గుమాస్తా | 10:41

రిటైరైన కోర్టు ఉద్యోగిని. కుర్రాడు చెప్పింది సరే గాని, ఆ 'కంకరెంట్' అన్న మాట విలువ అందరికీ తెలియాలి. ఒకే విచారణలో రెండు మూడు నేరాలు రుజువైతే, జడ్జి గారు ఏమీ రాయకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటే నడుస్తాయి. అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 31వ సెక్షన్. ఏకకాలంలో అని ప్రత్యేకంగా రాస్తేనే కలుస్తాయి. నా సర్వీసులో తీర్పు చదివాక ప్లీడర్లు ముందు వెతికేది ఈ ఒక్క మాట కోసమే.

మరి జరిమానా కట్టనందుకు పడే మూడు నెలలున్నాయే, అవి దేంట్లోనూ కలవవు. కట్టకపోతే మూడేళ్లు అయ్యాక విడిగా అనుభవించాల్సిందే. కాబట్టి పవన్ గారూ, ముందు ఆ 5,000 కట్టి రసీదు దాచుకోండి.

సెట్ ఆఫ్ అంటే విచారణకు ముందు రిమాండులో ఉన్న రోజులు శిక్షలోంచి తీసేయడం. మీ అన్నయ్య లోపల ఉన్నది 14 రోజులేనా? 307 కేసులో అంత తొందరగా బెయిలు రావడం కొంచెం ఆశ్చర్యమే.

పటమట_పవన్ | 10:50

నేనప్పుడు హైదరాబాద్‌లో ఉన్నానండి. కనుక్కుని చెప్తా. థాంక్స్ అండీ అందరికీ.

బ్రాడీపేట_4_14 | 11:15

తప్పుగా అనుకోకండి. అసలు 325కి శిక్ష ఎంత? మూడేళ్లని ఎక్కడ రాసి ఉంది?

కృష్ణలంక_కుర్రాడు | 11:22

ఎక్కడా రాసి లేదు. ఏడేళ్ల 'వరకు' అని ఉంది, దాంతోపాటు జరిమానా. ఆ కింద ఎంతైనా జడ్జి ఇష్టం.

బ్రాడీపేట_4_14 | 11:25

అంటే ఒకే రకం చెయ్యి విరిగితే తెనాలిలో మూడేళ్లు, నరసరావుపేటలో ఏడాది పడొచ్చన్నమాట. మిర్చి యార్డులో కూడా ఆ రోజు రేటు బోర్డు మీద రాస్తారు కదండీ.

లాయరమ్మ_గుంటూరు | ఆదివారం ఉదయం 7:30

రాత్రి చూడలేదు. బ్రాడీపేట గారి ఎత్తిపొడుపులో నిజం ఉంది. మన శిక్షాస్మృతి మెకాలే కాలం నుంచీ ఇలాగే నడుస్తోంది. చట్టం పై హద్దు చెబుతుంది, కింద హద్దు చాలా నేరాలకు చెప్పదు. మధ్యలో ఎక్కడ ఆగాలో జడ్జికి వదిలేసింది. ఇంగ్లండ్‌లో మాదిరి మార్గదర్శకాల పుస్తకం మనకి లేదు. అలాంటిది కావాలని నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ 2003లో చెప్పింది. 2008లో ప్రేమ్ సాగర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ లోటు గురించే రాసింది. 1860 నాటి ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులోనూ ఆ పుస్తకం రాలేదు.

కాబట్టి జడ్జి ఏం చూస్తారన్నదే ముఖ్యం. దెబ్బ ఎక్కడ పడింది, ఆయుధం ఏమిటి, ముందే అనుకుని చేశాడా అప్పటికప్పుడు జరిగిందా, పాత కేసులున్నాయా, వయసెంత, కేసు ఎన్నేళ్లు నడిచింది. దోషి అని తేల్చాక శిక్ష గురించి విడిగా వినాలి. 'శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా' అని అడగాలి. 1976లో శాంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇది మొక్కుబడి తంతు కాదని చెప్పింది. కానీ మన దగ్గర ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: "అయ్యా, పెళ్లాం బిడ్డలున్నారు, నేనే ఆధారం." జడ్జి గారు ఆ మాట పొద్దుట్నుంచి నాలుగోసారి వింటూ ఉంటారు. పిల్లల స్కూలు కాగితాలు, తల్లి వైద్యం చీటీలు, అవతలివాళ్లకు ఖర్చులిచ్చి ఉంటే ఆ రసీదు, ఇవి చేతిలో ఉండాలి. పవన్ గారూ, ఆ రోజు మీవాళ్లు ఏమైనా దాఖలు చేశారా? ప్రొబేషన్ అడిగారా?

పటమట_పవన్ | 8:05

ప్రొబేషన్ అంటే ఉద్యోగంలో ఉండేది కదా మేడమ్?

లాయరమ్మ_గుంటూరు | 8:19

అదీ ప్రొబేషనే, ఇది వేరు. 1958 నాటి చట్టం. మరణశిక్షకు గానీ యావజ్జీవానికి గానీ వీలున్న నేరం కాకపోతే, మొదటిసారి తప్పు చేసినవాణ్ని జైలుకు పంపకుండా మంచి నడవడికకి బాండు రాయించుకుని వదలవచ్చు. ఇరవై ఒకటి నిండనివాళ్ల విషయంలో అయితే, ఎందుకు వదలడం లేదో జడ్జి కారణాలు రాయాలి. 325కి గరిష్ఠం ఏడేళ్లే కాబట్టి అడిగే దారి మీకు ఉండేది. ఇప్పటికీ అప్పీలులో అడగవచ్చు.

ఇచ్చి తీరాలని లేదు. అడగనిదే తల్లి కూడా పెట్టదు, అంతే.

చిలకలూరిపేట_శీను | 8:40

చెయ్యి విరిగినాయన సంగతి ఒక్కరూ అడగరేం? ఆయనకి ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగితే దక్కిందేమిటి?

లాయరమ్మ_గుంటూరు | 9:02

అడగాల్సిన ప్రశ్నే. జరిమానాలోంచి ఆయనకి ఇప్పించవచ్చు, విడిగా పరిహారం కూడా వేయవచ్చు. మన కోర్టుల్లో అది తక్కువే. ఇంకో హక్కు చాలామందికి తెలీదు. 307 తీసేసి 325కి దించారు కదా, చిన్న నేరానికి దించినందుకు బాధితుడు అప్పీలు వేసుకోవచ్చు. పరిహారం చాలకపోయినా వేసుకోవచ్చు. మూడేళ్లు చాలదు, ఐదేళ్లు కావాలి అని మాత్రం ఆయన వేయలేడు, అది ప్రభుత్వం వేయాల్సిందే.

పవన్ గారు భయపడక్కర్లేదు. మీవాళ్లు వేసిన అప్పీలులోనే శిక్ష పెంచెయ్యడం ఉండదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా రావాలి, లేదా హైకోర్టు తనంతట తాను నోటీసిచ్చి వినాలి.

ఆటోనగర్_లారీ | 10:30

మా బాధ కూడా వినండి మేడమ్. యాక్సిడెంట్ కేసుకి ఇప్పుడు పదేళ్లు అంటున్నారు. డ్రైవర్లు దొరకడం లేదు.

కృష్ణలంక_కుర్రాడు | 10:44

పదేళ్లు ఇంకా అమల్లోకి రాలేదన్నా. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చనిపోయాక, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు అని సంహితలో 106(2) పెట్టారు. 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగాయి, పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు గుర్తున్నాయిగా. తర్వాత జులైలో కొత్త చట్టం మొదలైనా ఆ ఒక్క ఉపసెక్షన్‌ని పక్కన పెట్టారు.

106(1) మాత్రం నడుస్తోంది. పాత 304ఏలో రెండేళ్ల వరకు జైలు, 'లేదా' జరిమానా. కొత్తదాంట్లో ఐదేళ్ల వరకు, 'మరియు' జరిమానా. డాక్టర్లకి మాత్రం రెండేళ్ల వరకే ఉంచారు.

బెంచి_గుమాస్తా | 11:10

ఆ 'లేదా', 'మరియు' తేడా చిన్నది కాదు. పాతదాంట్లో జరిమానాతో సరిపెట్టే వీలుండేది. ఇప్పుడు జైలు తప్పదు. అయినా కింద హద్దు లేదు కాబట్టి, చట్టం మాట నిలబెడుతూనే 'కోర్టు లేచేదాకా' అని వేసే వీలుంది. అంటే ఆ రోజు జడ్జి గారు బెంచి దిగేవరకు ముద్దాయి కోర్టు హాల్లోనే ఉండాలి. కాగితం మీద అదీ జైలు శిక్షే. అలా మూల బెంచీ మీద కూర్చున్నవాళ్లకి టీ తెప్పించిన రోజులున్నాయి నాకు. మనిషి పోయిన కేసులో అంత తేలిగ్గా వదులుతారని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

సంహితలో అంకె వేసి చెప్పిన అతి చిన్న జైలు తెలుసా? తాగి నలుగురిలో అల్లరి చేస్తే 24 గంటల వరకు. పాత చట్టంలో దానికి జరిమానా పది రూపాయలు, ఇప్పుడు వెయ్యి. లేదా సమాజ సేవ.

బ్రాడీపేట_4_14 | 11:18

సమాజ సేవంటే గుర్తొచ్చింది. 2022లో మన హైకోర్టు కోర్టు ధిక్కారం కేసులో ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు వేసి, క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమంది కదా. అదేనా?

లాయరమ్మ_గుంటూరు | 11:35

ఆలోచన అలాంటిదే, దారి వేరు. అప్పటికి శిక్షాస్మృతిలో సమాజ సేవ లేదు, అది ధిక్కారం కేసు. ఇప్పుడు సంహిత 4వ సెక్షన్‌లో శిక్షల జాబితాలోనే చేరింది. కొన్ని చిన్న నేరాలకే. 5,000 రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి అయితే, సొత్తు తిరిగిస్తే, జైలు బదులు సేవ. పేదవాడు సైకిలెత్తుకెళ్లిన కేసుల్లో నాకిది నచ్చింది. ఎన్ని గంటలు, ఎవరి కింద, హాజరు ఎవరు వేయాలి అన్నది మాత్రం సంహిత చెప్పలేదు.

మంగళగిరి_మగ్గం | మధ్యాహ్నం 1:15

మీరందరూ జడ్జి దయ, జడ్జి ఇష్టం అంటున్నారు. మా వీధి కుర్రాడికి ఆ దయ ఎందుకు రాలేదు? పాతికేళ్లు లేవు. ఎవడో మూడువేలిస్తానంటే ఏజెన్సీ నుంచి రెండు సంచులు తెచ్చాడు. తూకంలో 22 కిలోల గంజాయి. పదేళ్లు. సంచులిచ్చినవాడు దొరకనే లేదు.

లాయరమ్మ_గుంటూరు | 1:50

అక్కడ జడ్జి చేతులు చట్టం కట్టేసిందండీ. ఎన్డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం, ఏడాది వరకు శిక్ష. 20 కిలోల లోపు పదేళ్ల వరకు. ఇరవై దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకి తక్కువ వేయకూడదు, ఇరవై దాకా వేయవచ్చు, జరిమానా కనీసం లక్ష. 19 కిలోలయితే జడ్జి ఆ పిల్లవాడి మొహం చూసి రెండేళ్లు వేసి ఉండవచ్చు. మూడు కిలోల తేడాకి మొహం చూసే అధికారమే పోయింది. ఆ లక్ష కట్టలేక అదనంగా లోపల ఉండేవాళ్లూ ఉన్నారు.

పొద్దున మార్గదర్శకాలు లేవని మొత్తుకున్నాను. ఇలాంటి కేసుల్లో వాదించినప్పుడల్లా మళ్లీ జడ్జి ఇష్టమే మేలనిపిస్తుంది. నా మాట నాకే కుదరడం లేదు.

చిలకలూరిపేట_శీను | 2:10

చిన్నవాళ్ల మీద కఠినం, పెద్ద నేరాలకి మాత్రం పద్నాలుగేళ్లకి బయటికి. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లేగా?

కృష్ణలంక_కుర్రాడు | 2:14

అవును, 14. కొన్నిచోట్ల 20 అని కూడా ఉంది.

పాత_వార్డరు | 2:40

తమ్ముడూ, పరీక్షలో ఇలా రాయకు. యావజ్జీవం అంటే ఊపిరి ఉన్నంతకాలం. గాంధీ హత్య కేసులో గోపాల్ గాడ్సే రెమిషన్లు కలిపి నాకు 20 ఏళ్లయిపోయాయి, వదలండి అని సుప్రీంకోర్టుకెళ్లాడు. 1961లో కుదరదన్నారు. ప్రభుత్వం మాఫీ చేస్తే తప్ప యావజ్జీవానికి గడువు లేదని. 1964లో ప్రభుత్వమే వదిలింది.

పద్నాలుగు ఎక్కడిదంటే, మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాణ్ని, మాఫీ చేయాలనుకున్నా సరే, 14 ఏళ్లు నిజంగా లోపల గడపకుండా వదలకూడదని 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఏ సెక్షన్ చేర్చారు. అది కనీసం. జనం దాన్ని గరిష్ఠం చేసేశారు. ఇరవై అన్నది శిక్షలో సగం, పావు లెక్కలు కట్టడానికి పెట్టుకున్న అంకె.

పద్నాలుగు నిండిన రోజు గేటు దగ్గర కొత్త చొక్కాతో నిలబడ్డ తల్లులని చూశాను. వాళ్లకి ఈ తేడా చెప్పడం నా ఉద్యోగంలో అన్నింటికన్నా కష్టమైన పని.

లాయరమ్మ_గుంటూరు | 3:05

2008లో శ్రద్ధానంద కేసు తర్వాత ఇంకో మెట్టు వచ్చింది. ఉరి వద్దు, పద్నాలుగు చాలదు అనిపించిన చోట ఇరవై, ముప్పై ఏళ్లదాకా మాఫీ లేకుండా అని రాసే అధికారం. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని నిలబెట్టి, హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే అలా వేయాలంది.

శీను గారూ, మీ ఊరి కేసే చూడండి. 1993 మార్చి 8, బస్సు దహనం, 23 మంది కాలిపోయారు. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఇద్దరికి ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

చిలకలూరిపేట_శీను | 3:22

తెలుసు మేడమ్. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ బస్సులో మా వీధివాళ్లు ఉన్నారు. ఉరి తప్పిందని తెలిసిన రోజు మా నాన్న అన్నం తినలేదు. తర్వాత చాలా ఏళ్లకి ఆయనే, "ఉరి తీసినా తినబుద్ధయ్యేది కాదేమోరా" అన్నాడు. నాకింకా కోపమే.

బ్రాడీపేట_4_14 | 3:40

మరి చుండూరు? 1991లో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మీరు ఏడేళ్లా మూడేళ్లా అని లెక్కేస్తున్నారు, అక్కడ మొత్తం సున్నా.

నిర్వాహకులు | 4:00

ఆ తీర్పు కింద వచ్చిన కులం వ్యాఖ్యలు నాలుగు తీసేశాం. చట్టం గురించి మాట్లాడండి, కులాల గురించి ఇక్కడ వద్దు.

బ్రాడీపేట_4_14 | 4:06

చుండూరు గురించి కులం మాట లేకుండా ఎలా మాట్లాడాలో నిర్వాహకులే చెప్పాలి. సరే, ఆపుతున్నా.

పటమట_పవన్ | రాత్రి 8:30

పెద్దమ్మతో మాట్లాడాను. తారీఖులు గుర్తు లేవంటుంది. "ఉగాది రోజు పచ్చడి చేతిలో పెట్టబోతుంటే తీసుకెళ్లారు, మళ్లీ ఇంటికొచ్చేసరికి ఆవకాయ ముక్కలు కొట్టిస్తున్నా" అంది.

బెంచి_గుమాస్తా | 8:41

ఆగండాగండి. ఉగాదికి పద్నాలుగు రోజులకే ఆవకాయ ఎవరు పెడతారండీ? కాయ టెంకె ముదరాలిగా. 2019 ఉగాది ఏప్రిల్ 6. ఆవకాయంటే మే నెల. బెయిలు ఆర్డరు, రిమాండు పొడిగింపు కాగితాలు వెతికించండి. తీర్పులో ఆ 14 ఎక్కడో తేడా కొడుతోంది. మొదటి రిమాండు గడువు మాత్రమే ఎక్కించారేమో.

ఆటోనగర్_లారీ | 8:50

గుమాస్తా గారూ, దండం మీకు.

పటమట_పవన్ | మంగళవారం సాయంత్రం 6:15

దొరికాయి. బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం కవర్లో ఉన్నాయి. లోపలున్నది 41 రోజులు. తీర్పులో 14 అని పడింది. అంకెలు తిరగబడ్డాయి.

బెంచి_గుమాస్తా | 6:32

ఇలాంటి రాతపొరపాటు దిద్దే వీలు అదే కోర్టుకి ఉంది. తీర్పు మార్చడం కాదిది. రిమాండు కాగితాల నకళ్లు జతచేసి మెమో వేయించండి. అంకెతో పాటు అక్షరాల్లో కూడా 'నలభై ఒక్క రోజులు' అని రాయించండి.

లాయరమ్మ_గుంటూరు | 6:50

శిక్ష మూడేళ్లు మించలేదు, మీ అన్నయ్య బెయిలు మీదే ఉన్నాడు కాబట్టి అప్పీలు వేసుకునేదాకా ఆ కోర్టే శిక్ష ఆపి బెయిలు ఇచ్చి ఉండాలి. అది అయిందా? సెషన్స్ తీర్పు కాబట్టి అప్పీలు నేలపాడు హైకోర్టుకి, గడువు 60 రోజులు. అవతలి ఆయనతో మాట్లాడే వీలుంటే అది కూడా చూడండి. శిక్ష పడ్డాక రాజీ కావాలంటే అప్పీలు కోర్టు అనుమతి తప్పదు.

పటమట_పవన్ | గురువారం రాత్రి 10:05

శిక్ష ఆపారు మేడమ్, జామీన్లు ఇచ్చాం. 5,000 కట్టాం, రసీదు ఉంది. ప్లీడరు గారు చివరికి ఫోన్ ఎత్తారు, మెమో నిన్న వేశారు. నేలపాడులో మాట్లాడే లాయరు గారి కోసం చూస్తున్నాం.

రాజీ సంగతి కదిపితే అన్నయ్య తల ఎత్తలేదు. అవతలి ఆయన చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదట, నాకు ఇన్నాళ్లూ తెలీదు. పెద్దమ్మ ఒక్కతే వాళ్లింటికెళ్లొస్తానంది. పగలూ రాత్రీ లెక్క నిజం కాదని మాత్రం ఆమెకింకా చెప్పలేదండీ.